కన్నీటి కుప్పెలా? – రోమనుల గాజు పరిమళపాత్రలు

రోమను సమాధులలో వ్రేలెడు పొడవును, సన్నని మెడయు, చిన్న పొట్టయు గల గాజు కుప్పెలు విరివిగా లభించుచున్నవి. తొలినాటి అన్వేషకులు వీనికి 'అశ్రుపాత్ర'లని పేరిడిరి. మృతుని బంధువులు తమ కన్నీటిని వీనిలో పట్టి సమాధియందుంచిరని వారి ఊహ. బైబిలులోని 56వ కీర్తనయందు భక్తుడు తన కన్నీటిని పాత్రలో నుంచుమని దేవుని వేడుట దీనికి బలము చేకూర్చినది. కాని అచ్చటి హీబ్రూ పదమునకు తోలుతిత్తి యని అర్థము. ఊహ మనోహరమైనది, అందుచేతనే చిరకాలము నిలిచినది.

కుప్పెలే దానిని ఖండించుచున్నవి. వీనిలో కొన్ని కన్నీటితో నింపుటకు ఎంతమంది ఎన్నినాళ్లు ఏడ్వవలెనో! పెక్కింటిలో తైలముల, క్రొవ్వుల అవశేషములు కనుగొనబడినవి. దహనసమాధులలో కొన్ని వంగి, కరగి ముద్దలై లభించినవి. అనగా చితిపై సుగంధతైలము పోసి, ఆ కుప్పెను గూడ అగ్నిలో విడిచిరన్నమాట. మరికొన్ని చెక్కుచెదరక అస్థికలచెంత నుంచబడినవి.

ఇంత సులభముగా పారవేయుటకు కారణము గాజు చౌకయగుటయే. పూర్వము మట్టి, పేడ కలిపిన ముద్దపై కరగిన గాజును చుట్టి, చల్లారిన పిదప లోపలి ముద్దను గీకి తీసెడివారు. అది మిక్కిలి శ్రమతో గూడిన పని. క్రీ.పూ. 1వ శతాబ్దిలో సిరియా, పాలస్తీనా ప్రాంతమున ఊదుడు విద్య పుట్టినది. యెరూషలేమునందు 1969 తరువాతి త్రవ్వకములలో, ఒక కొన మూసి రెండవ కొననుండి ఊదబడిన గాజు గొట్టములు ఆ శతాబ్ది మధ్యకాలపు చెత్తలో బయల్పడినవి. పిమ్మట కొలదికాలమునకే, రోమునందు గాజు గిన్నె ఒక రాగినాణెమునకు దొరకునని స్ట్రాబో వ్రాసెను.

మట్టిపాత్ర తైలమును పీల్చుకొనును. గాజు పీల్చుకొనదు, వాసనయు నీయదు. అయినను పరిమళములకు చలువరాతి పాత్రలే శ్రేష్ఠమని ప్లినీ (మరణము క్రీ.శ. 79) పలికెను. రత్నములు వారసులకు దక్కును, సుగంధమో పూసికొన్నంతనే నశించునని ఆయన గొణిగెను. ధనికులు ఆయన మాట వినినట్లు లేదు.

స్నానశాలలకు పోవువారు గుండ్రని రెండు చెవుల కుప్పెలో నూనె తీసికొనిపోయి, ఒడలికి పూసి, వంకరయగు లోహపు గీకుడుపనిముట్టుతో మురికిని తీసెడివారు. ఉత్తర ఇటలీ ప్రాంతమున పక్షి యాకృతి కుప్పెలు చేసిరి. లోపల సుగంధమో అలంకరణచూర్ణమో నింపి తోకను కరగించి మూసెడివారు. తెరచుటకు తోక విరువవలసినదే. ఒకసారికి మాత్రమే పనికివచ్చు పాత్ర!

ఈ తైలములలో మన దేశపు వస్తువులును చేరెను. జటామాంసి ప్రియమైన దినుసు. గ్రీకులు 'మాలబాథ్రోన్' అన్నది మన 'తమాలపత్ర' శబ్దమే. 2019లో స్పెయినులోని కార్మోనాయందు ఒక సమాధి బయటపడినది. అందలి గాజు అస్థికలశములో చెక్కిన స్ఫటికపు కుప్పె యొకటి కలదు. 2023లో ప్రకటింపబడిన పరీక్షవలన అందు పచౌలి పరిమళమున్నట్లు తేలినది. అది తులసి కుటుంబపు మొక్క. భారతదేశమునుండి వచ్చినదని పరిశోధకుల అభిప్రాయము. కుప్పె మూతిని డోలమైటు బిరడాతో మూసి కీలుతో బిగించిరి గనుకనే ఆ శేషము నిలిచినది. గాజు కుప్పెలలో పెక్కింటి బిరడాలు మాత్రము ఎన్నడో నశించినవి.