హుగ్లీ ఖైదీ, కలకత్తా ఆసుపత్రి

మత్తుమందు లేని రోజుల్లో రోగి మెలకువగానే కత్తికోతను భరించేవాడు. 1845 ఏప్రిల్‌లో కలకత్తాకు ఉత్తరాన ఉన్న హుగ్లీలో, వరిబీజం చికిత్స వల్ల విలవిలలాడుతున్న ఒక ఖైదీపై ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఎస్డెయిల్ ‘మెస్మరిజం’ ప్రయోగించాడు. శరీరానికి కాస్త ఎడంగా చేతులను గంటల తరబడి ఆడించడమే ఆ పద్ధతి. ఖైదీకి నొప్పి తెలియని స్థితి కలిగింది.

తర్వాత ఎస్డెయిల్ ఈ స్థితిలోనే ఎందరికో శస్త్రచికిత్సలు చేశాడు. 1846లో ప్రభుత్వ సంఘం వాటిని పరిశీలించింది. ఆ నవంబరులో కలకత్తాలో ప్రత్యేక ఆసుపత్రి వెలిసింది. కానీ అప్పటికే, అక్టోబరులో, బోస్టన్‌లో ఈథర్ ప్రదర్శన జరిగింది. 1847లో క్లోరోఫారం వచ్చింది. ఇవి నిమిషాల్లోనే, దాదాపు అందరిపైనా పనిచేశాయి. మెస్మరిజం వెనుకబడింది.

చేతుల నుంచి ఏదో అదృశ్య శక్తి ప్రవహిస్తుందని ఎస్డెయిల్ నమ్మాడు. అలాంటి శక్తి ఏదీ లేదు. అవధానం, నమ్మకం, సూచన కలిసి నొప్పి అనుభవాన్ని మార్చగలవనీ, ఆ మార్పు అందరిలో ఒకేలా ఉండదనీ నేటి మనస్తత్వశాస్త్రం చెబుతోంది.

ఇక్కడ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఫలితం కనిపించినంత మాత్రాన దానికి చెప్పిన కారణం నిజమవుతుందా? జైలులో ఉన్న ఆ మనిషి ‘వద్దు’ అనగలిగేవాడా? మొదటిది విజ్ఞానానికి పునాది. రెండవది లేకపోతే ఆ విజ్ఞానానికి మానవత్వం ఉండదు.