నాలుగు రాష్ట్రాలు చూసిన హైకోర్టు

నల్లగొండ బస్సు ఎక్కినా, పాలమూరు బస్సు ఎక్కినా హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండులో దిగితే హైకోర్టుకు నడిచే పోవచ్చు. ఈ జిల్లాల కక్షిదారులకు వందేళ్లుగా హైకోర్టంటే మూసీ ఒడ్డున ఎర్రరాయి, గులాబీరాయితో కట్టిన ఆ భవనమే. అది ఏ రాష్ట్రానిదన్నదే మారుతూ వచ్చింది.

జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా గీశారు, విన్సెంట్ ఈష్ కట్టించారు. 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం ప్రారంభించారు. లోపల వ్యవహారమంతా ఉర్దూలోనే. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయి ఎగతాళి పాలైన ఆలంపల్లి వెంకటరామారావు వకీలే. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. పాలమూరు జిల్లా బిడ్డ బూర్గుల రామకృష్ణారావు కూడా వకీలుగా పేరు తెచ్చుకునే 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. గుంటూరులో ఉన్న ఆంధ్ర హైకోర్టు 5వ తేదీకల్లా ఇక్కడికి చేరింది. అప్పుడు కలవడానికి నాలుగు రోజులు పడితే, 2014లో తెలంగాణ ఏర్పడ్డాక విడిపోవడానికి నాలుగున్నరేళ్లు పట్టింది.

ప్రతి రాష్ట్రానికీ హైకోర్టు ఉండాలంటుంది రాజ్యాంగం 214వ అధికరణం. ఉమ్మడిగానూ ఉండొచ్చంటుంది 231. పునర్విభజన చట్టమేమో ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు వచ్చేదాకా ఇదే ఉమ్మడి అంది. చిక్కంతా అక్కడే. వేరు చేయమని తొందరపెట్టింది తెలంగాణ, కొత్తచోటు చూసుకోవాల్సింది ఆంధ్రప్రదేశ్!

అయినా కోర్టు ఉమ్మడిగా ఉంటే వచ్చిన నష్టమేంటని అడగొచ్చు. కింది కోర్టుల జడ్జీలకు జీతమిచ్చేది ప్రభుత్వమే గానీ, బదిలీ, ప్రమోషన్, క్రమశిక్షణ చర్యల్లో పెత్తనం హైకోర్టుది. 2016లో జడ్జీల కేటాయింపు జాబితా బయటికి రాగానే, ఆంధ్ర మూలాలున్నవారిని తెలంగాణకు వేశారని తెలంగాణ వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. రోడ్డెక్కిన జడ్జీలను హైకోర్టు సస్పెండ్ చేసింది. న్యాయం చెప్పేవారే న్యాయం కావాలనడం అరుదైన దృశ్యమే.

చివరికి 2018 డిసెంబర్ 26న హైకోర్టును విడదీస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. 2019 జనవరి 1న తెలంగాణ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా తొట్టత్తిల్ బి. రాధాకృష్ణన్ ప్రమాణం చేశారు.

జిల్లాల్లో మాత్రం పాత లెక్కే నడిచింది. 2016 దసరాకే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్, సూర్యాపేట, యాదాద్రి జిల్లాలయ్యాయి, కలెక్టర్లు వచ్చారు. న్యాయజిల్లాలు మాత్రం పాత పదే. 2022 జూన్ 2న గానీ అవి 33 కాలేదు. నారాయణపేట జిల్లా అయింది 2019 ఫిబ్రవరిలో; దాన్ని న్యాయజిల్లా చేయడానికి మరో మూడేళ్లు దాటాయి.