పొగ మాన్పించు గింజ

దక్షిణ ఐరోపా కొండవాలులలో వసంతము ముదిరిన పిదప, మన రేలచెట్టును తలపించు పసుపుపచ్చని పూగుత్తులతో నిండి వ్రేలాడు లాబర్నమను చెట్టు కన్నులకెంత యింపో నోటికంత ప్రమాదకరము. ఆకు మొదలుకొని బెరడు వఱకు దాని సర్వాంగములయందును విషమున్నది. గింజలలో నది మఱింత హెచ్చు. 1860ల దశకమున హ్యూజెమాన్, మార్మె యను జర్మను శాస్త్రజ్ఞులు ఆ గింజలనుండి సైటిసిన్ అను ఆల్కలాయిడును వేఱుచేసిరి. 1912లో ఇంగ్లండున హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్లా అనువారు దానిని జంతువులపై బరీక్షించి, పొగాకులోని నికొటిను నాడీమండలమున నేమి చేయునో సైటిసిన్ కూడ నించుమించుగా నదియే చేయుచున్నదని తెలిపిరి. నాడీప్రేరణ రసాయన ద్రవ్యముల మూలమున సాగుట గూర్చి చేసిన కృషికిగాను 1936లో నోబెల్ బహుమానము పొందిన డేల్ మహాశయుడే యితడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, పొగాకు దొరకని సైనికులు లాబర్నము ఆకునే కాల్చి సరిపెట్టుకొనిరని కూడ చెప్పుదురు.

ఈ జ్ఞానమును మాత్రగా మార్చిన కీర్తి బల్గేరియాది. పొగాకు పైరుమీదను, సిగరెట్ల యెగుమతిమీదను విశేషముగ నాధారపడిన దేశముననే పొగ మాన్పు మందు పుట్టుట విచిత్రముగ దోచవచ్చును. కాని పొగాకుతో నిత్యము మెలగువారికే దాని పట్టు యెంత గట్టిదో బాగుగ దెలియునని గుంటూరు మండలపు రైతులనెఱిగిన మనకు వేఱుగ జెప్పనక్కఱలేదు. 1964లో టాబెక్స్ అను పేర నా దేశపు విపణిలో వెలసిన యీ మాత్రయందు సైటిసిన్ 1.5 మిల్లీగ్రాములు మాత్రమే. మొదటి మూడు దినములు రెండేసి గంటలకొకటి చొప్పున దినమునకాఱు మాత్రలు మ్రింగి, అయిదవనాటికి సిగరెట్టును పూర్తిగ విడిచి, పిదప మాత్రలను క్రమక్రమముగ తగ్గించుకొనుచు ఇరువదియైదవ దినమున ముగింపవలెను. మెదడులో నికొటిను వచ్చి తాకెడి గ్రాహకములనే సైటిసిన్ ఆశ్రయించి, వానిని గొంతమాత్రమే మేల్కొలిపి, అంతలో నికొటినునకు చోటు లేకుండ జేయును. కావున పొగ మానినవాని తపన కొంత శమించుటయే గాక, నిగ్రహము తప్పి యొక దమ్ము పీల్చినను మునుపటి తృప్తి వానికి దొరకదు.

బల్గేరియాలోను, తూర్పు జర్మనీలోను, పోలండులోను ఆనాటి వైద్యులు దీనిని ఎందఱకో యిచ్చి చూచి, ఫలితములను తమతమ భాషలలో ప్రకటించిరి. ఆ పరీక్షలు నేటి కొలతకు నిలుచునవి కావు. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అను విభజన చీటీలు వేసినట్లు నిష్పాక్షికముగ జరుగుట యరుదు. పొగ మానితినని రోగి చెప్పిన మాటయే తఱచుగ ప్రమాణమయ్యెను. ఐనను, పరీక్షలోని లోపము మందులోని లోపము గాదు. లోపము గనబడినచో మఱల సరిగా పరీక్షింపవలెనే గాని, రాజకీయపు టినుపతెరకావల బుట్టినదను కారణమున మందునే విస్మరించుట శాస్త్రధర్మము కాదు. పశ్చిమ దేశములు చేసినది, నా యభిప్రాయమున, అదియే.

అంతకన్న శోచనీయమైనది మఱొకటి గలదు. అమెరికాలోని ఫైజర్ సంస్థ రసాయనజ్ఞులు ఈ సైటిసిన్ నిర్మాణమునే ప్రాతిపదికగ జేసికొని, దానిని మార్చి, వరెనిక్లిన్ అను క్రొత్త ఔషధమును నిర్మించిరి. వేయిమందికి పైబడినవారిపై జరిగిన రెండు పరీక్షలు 2006లో ప్రకటితములయ్యెను; ఆ యేడే అమెరికాలో దానికి అనుమతి లభించెను. వరెనిక్లిన్ గుణవంతమైన మందు, సందేహము లేదు. కాని నాడు క్రొత్త యణువునకు పేటెంటు ఉండెను, దాని వెనుక ధనముండెను. చెట్టుగింజలో సహజముగ దొరకు పాతయణువునకు ఆ రెండును లేకుండెను. కనుక బిడ్డకు జరిగిన పరీక్ష తల్లికి జరుగలేదు.

ఆ యేటనే జెనీవాలోని జాఁ ఫ్రాన్స్వా ఎటేర్ పాత పరీక్షల నన్నిటిని ప్రోగుచేసి సమీక్షించి, ఈ మందు పునఃపరీక్షకర్హమని వాదించెను. లండనునుండి రాబర్ట్ వెస్ట్, వార్సానుండి విటోల్డ్ జటోన్‌స్కీ పూనుకొనగా, వార్సాలో 740 మందిని సరిసమానముగ రెండు జట్లు చేసి, ఒక జట్టునకు సైటిసిన్, రెండవదానికి ఉత్తుత్తి మాత్ర యిచ్చిరి. ఎవరి కేది యందినదో రోగికి గాని వైద్యునకు గాని తెలియదు. మానితినన్నవాని మాటను ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడును కొలిచి సరిచూచిరి. ఏడాది ముగియునప్పటికి మందు జట్టులో 31 మంది, ఉత్తుత్తి జట్టులో 9 మంది పొగకు దూరముగ నిలిచిరి. అనగా నూటికి 8.4, 2.4. స్వల్పమని పెదవి విఱుచువారు, అచట హితబోధ అత్యల్పముగనే చేయబడెనని మఱవరాదు. మూడింతలకు పైబడిన యీ ఫలితమును 2011లో ప్రకటించినపుడు, సైటిసిన్ చికిత్సాకాలమంతటి వెల పోలండులో పదునైదు డాలర్ల ప్రాంతమున నుండెను. 2014లో న్యూజీలండున 1310 మందిపై నికొటిను పట్టీలు, నమిలెడి బిళ్ళలు మున్నగువానితో పోల్చగా, నెలనాటికి మానినవారు సైటిసినువలన నూటికి నలువది, తక్కినవానివలన ముప్పదియొకటి. వికారము మాత్రము సైటిసిన్ వాడినవారికే యెక్కువ. బ్రిటనులో ఈ మాత్ర 2024 జనవరినుండి గాని వైద్యులు వ్రాసి యిచ్చుటకు లభింపలేదు.

ఐనను, మందుపై ప్రేమచే ప్రతికూల ఫలితమును దాచుట తగదు. బంగ్లాదేశ్, పాకిస్తాను దేశములలో క్షయరోగముతో బాధపడుచు పొగద్రాగు 2472 మందికి హితబోధతోబాటు ఒక జట్టునకు సైటిసిన్, మఱొక జట్టునకు ఉత్తుత్తి మాత్ర యిచ్చిన పరీక్ష 2020లో వెలువడెను. ఆఱు నెలలకు మానినవారు మందు జట్టులో నూటికి 32.4, రెండవదానిలో 29.7, ఈ భేదమును గణనశాస్త్రము లెక్కింపదు. కాని రెండు జట్లలోను ఇంచుమించు మూడవవంతు మంది పొగ విడుచుట వార్సా ఫలితమున కెన్నియో రెట్లధికము. రోగభీతియు, ఎదుట గూర్చుండి ఓర్పుతో నచ్చజెప్పిన ఆరోగ్యకార్యకర్తల మాటయు అచట చేసిన పని యంత గొప్పదగుటచే, మాత్ర చేయుటకు మిగిలినది కొంచెమేయయ్యెనని నేను భావించుచున్నాను.