కంచరపాలెంలో బండి ఱ

కంచరపాలెంలో మా చెల్లెలు వాళ్ళ వీధిలో ఒక చిన్నపిల్లల బడి ఉంది. రెండు గదులు, ముందు వసారా, వసారాలో ఒక మూల ఇసుక పోసిన రేకు పళ్ళెం. కిందటేడు మా చెల్లెలి మనవరాలిని ఇంటికి తీసుకురావడానికి వెళ్ళాను. కాస్త ముందుగా చేరడంతో ఒక పాఠం మొదటి నుంచీ చివరిదాకా చూసే అదృష్టం కలిగింది.

గోడ మీద అక్షరాల చార్టు. హ, ళ, క్ష దాటాక చివరి గడిలో రంపం బొమ్మ, దాని కింద 'ఱంపం' అని పెద్ద అక్షరాలు. ఒక గుంటడు లేచి అడిగాడు: "టీచర్, ర అయిపోయింది కదా, మళ్ళీ ఇదేటి?" ఆవిడ నవ్వి, "ఇది బండి ర నాన్నా" అని, ఖాళీ అగ్గిపెట్టెకి రెండు సీసా మూతలు అతికించి బండి చేసింది. బండిని ఇసుక మీద నడిపించింది. తర్వాత పిల్లలందరి చేతా ఇసుకలో వేలితో ఱ దిద్దించింది. రెండు చక్రాలు పక్కపక్కన నిలబెట్టినట్టుండే ఆ అక్షరం నాలుగేళ్ళ పిల్లలకి పది నిమిషాల్లో వచ్చేసింది. అంతటితో ఆగితే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. "మరి దీన్నెలా పలకాలి?" అని ఇంకో పిల్ల అడిగింది. టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, నాలుక ఆడిస్తూ "ర్ ర్ ర్ ర..." అంది. పిల్లలు పడీపడీ నవ్వుతూ అందరూ బళ్ళు తోలారు.

ఇంటికి వస్తుంటే మనవరాలు అడిగింది, "తాతా, మామ్మ రంపం అంటాది. ర్ ర్ రంపం అన్దు కదా. ఎవరు తప్పు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. పిల్ల అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. నోట్లో లేని తేడాని అక్షరంలో ఎందుకు మోస్తున్నామని అడుగుతోంది.

ఈ రెండు ర లూ ఒకప్పుడు నిజంగానే రెండు. వ్యాకరణాల్లో మామూలు ర ని సాధురేఫ అనీ, ఱ ని శకటరేఫ అనీ అన్నారు. శకటం అంటే బండే. చెట్టు వేరుకి మామూలు ర. 'నువ్వు వేఱు, నేను వేఱు' అనేటప్పుడు బండి ఱ. ఆఱు, నూఱు, చెఱువు, చెఱకు, గొఱ్ఱె, గుఱ్ఱం, ఇవన్నీ పాత రాతలో బండి ఱ తోనే ఉంటాయి. ఇది పండితులు కూర్చుని కల్పించిన తేడా కాదని చెప్పడానికి పక్కిళ్ళే సాక్ష్యం. తమిళంలో చెట్టు వేరునీ, 'వేరే' అనే మాటనీ ఇప్పటికీ రెండు వేర్వేరు ర లతో రాస్తారు. ఆరు, నూరు అనే అంకెలకి అక్కడా బండి ఱ కి సాటి అయిన అక్షరమే. మలయాళంలో రాతలోనే కాదు, నోట్లోనూ రెండూ విడివిడిగా బతికున్నాయి. కన్నడంలో రెండూ కలిసిపోయాయి, అక్కడి మామూలు వర్ణమాలలోంచి ఆ అక్షరమే వెళ్ళిపోయింది. మనం మధ్యలో నిలబడ్డాం: పలకడం మానేశాం, అక్షరం మాత్రం చార్టులో ఉంచుకున్నాం.

నన్నయ నాటి కవులు ప్రాసలో ఈ రెంటినీ కలపలేదు. అంటే అప్పటి చెవికి అవి వేరుగా వినిపించేవన్న మాట. తర్వాత తర్వాత కవులు కలపడం మొదలుపెట్టారు. కలపవచ్చా కూడదా అని లాక్షణికులు వాదించుకున్నారు. చెవి మరిచిపోయిన తేడాని పుస్తకం గుర్తుపెట్టుకోవాల్సి వచ్చినప్పుడే ఇలాంటి వాదాలు పుడతాయి. ఏ మాటకి ఏ ర అన్నది విని తెలుసుకునే వీల్లేదు కాబట్టి, జాబితాలు కంఠతా పట్టాల్సి వచ్చింది.

ఇంతకన్నా ముందే పోయిన అక్షరం ఇంకొకటుంది. మన తొలి శాసనాల్లో ళ కీ డ కీ మధ్య పలికే ఒక శబ్దానికి వేరే అక్షరం ఉండేది. తమిళులు 'తమిళ్' అనేటప్పుడు చివర పలికేది ఆ శబ్దమే. మన నోట్లో అది చాలాచోట్ల డ అయింది. వాళ్ళ కోళి మనకి కోడి, వాళ్ళ ఏళు మనకి ఏడు. ఆ అక్షరాన్ని ఏ బడిలోనూ నేర్పరు. అది పోయిందని ఎవరూ బెంగ పెట్టుకోలేదు. కాబట్టి అక్షరాలు పోవడం తెలుగుకి కొత్త కాదు. ౡ లాంటివి మన కళ్ళముందే చాలా పుస్తకాల్లోంచి జారుకున్నాయి.

ఇక ఆట సంగతి. అక్షరాన్ని బొమ్మగా చూపించి ఆడించడం ఈనాటి ప్లేస్కూళ్ళు కనిపెట్టిందని అనుకుంటాం. మన అక్షరాల పేర్లు ఒక్కసారి వినండి: తలకట్టు, గుడి, కొమ్ము, సుడి. పాత అచ్చులో అక్షరానికి కుడిపక్కన వేసే గుర్తు పేరు వలపలగిలక. వలపల అంటే కుడివైపు, గిలక అంటే బావి మీద తిరిగే గిలకే. ఇవి వ్యాకరణం చెప్పే పేర్లు కావు. పిల్లాడు గుర్తుపెట్టుకోవడానికి ఇంటిలోంచీ వీధిలోంచీ తెచ్చిపెట్టిన పేర్లు. ర తో గొడవ లేకుండా చెప్పాలంటే రెండో దాని ఆకారాన్ని పట్టుకోవడమొక్కటే దారి. అందుకే అది బండి ఱ అయింది. ఆ పేరులోనే ఒక ఒప్పుకోలుంది: 'దీన్ని చెవితో గుర్తుపట్టలేవు, కంటితో గుర్తుపట్టు.' కంచరపాలెం టీచరమ్మ చేసిన అగ్గిపెట్టె బండి ఆ పేరుని మళ్ళీ బొమ్మగా మార్చింది.

ఆ ఇసుక కూడా పాతదే. వీధిబడుల్లో ఇసుకలోనే ఓనమాలు దిద్దించేవారు. 1789లో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు, దగ్గర్లోని ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూశాడు. అదే పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టి, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పే ఆ చదువు ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతోనే ప్రచారమైంది. 1907లో రోమ్ నగరంలో మరియా మాంటిస్సోరి పసిపిల్లల బడి తెరిచింది. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలు నడిపించడం ఆవిడ పద్ధతిలో ముఖ్యమైన భాగం. 1939లో ఆవిడ మద్రాసు అడయారు వచ్చి ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చింది. వేలికొస అక్షరాన్ని గుర్తుపెట్టుకుంటుందన్న సంగతి వీధిబడి అయ్యవారికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

రోమ్‌లో ఆ బడి తెరిచిన రోజుల్లోనే మన విశాఖలో ఇంకో ప్రశ్న లేచింది. ఉత్తర సర్కారుల బడుల తనిఖీకి వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు పాఠాలు విని, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత దూరం ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడ అప్పారావుకీ గిడుగు రామమూర్తికీ చేరింది. తర్వాత జరిగిన వ్యావహారిక భాషోద్యమం అందరికీ తెలిసిందే. గిడుగు చిన్నప్పుడు విశాఖలోనే మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. తర్వాత పర్లాకిమిడిలో మేష్టారై, సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే బడులు నడిపాడు. ఆయన శాసనాలు చదివినవాడు, పాత కావ్యాలు తిరగేసినవాడు. పాత భాషని పారేయమని ఆయన అనలేదు. పిల్లాడి చదువు వాడి నోట్లో ఉన్న మాటతో మొదలవ్వాలన్నాడు.

ఆ కొలతతో చూస్తే మా మనవరాలి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. పసిపిల్లలకి కష్టమైన అక్షరాలు రెండు రకాలు. మా వైపు చాలా ఇళ్ళలో నీళ్ళు 'నీల్లు', కళ్ళు 'కల్లు'. అక్కడ ళ నేర్పడానికి చెవి ఆట కావాలి. నాలుకని వెనక్కి మడిచి ళ అనిపించాలి, కంటికీ తాటిచెట్టు కల్లుకీ బొమ్మలు గీసి ఏది అన్నానో చూపించమనాలి. శబ్దం ఉంది, చెవికి దొరుకుతుంది, ఆట పనిచేస్తుంది. బండి ఱ కి ఆ ఆట కుదరదు. లేని శబ్దాన్ని చెవికి పట్టిస్తే పిల్ల రెండు నెలలు 'ర్ ర్ రంపం' అంటుంది, ఆ తర్వాత వాళ్ళ మామ్మది తప్పనుకుంటుంది. అక్కడే నాకు భయం. బడి చెప్పింది ఒప్పు, ఇంట్లో పలికింది తప్పు అన్న భావం నాలుగో ఏట పడితే, నలభయ్యో ఏటకీ పోదు. మన భాష మీద మనకున్న చిన్నచూపులో సగం అలా పడిందే.

అందుకని ఱ ని చార్టులోంచి తీసెయ్యమని నేను అనను. పై తరగతుల్లో పద్యాలు చదివేటప్పుడు అది ఎదురొస్తుంది. నిఘంటువు తెరిస్తే ఎదురొస్తుంది. చివరి గడిలో ఉంది, ఉండనీ. ఇసుకలో దిద్దించండి, బండి తోలించండి. పలకడం దగ్గరికి వచ్చేసరికి ఉన్నమాట చెప్పేస్తే చాలు. నాలుగేళ్ళ పిల్లలకి ఉన్నమాట అర్థమవుతుంది.

మర్నాడు నేను మనవరాలికి అదే చెప్పాను. "మామ్మది తప్పు కాదమ్మా. చాలా చాలా ఏళ్ళ కిందట తాతల తాతలకి రెండు ర లు ఉండేవి. తర్వాత రెండూ ఒకటైపోయాయి. మామ్మ అన్నట్టే నువ్వూ అను. రాసేటప్పుడు మాత్రం ఇదిగో, ఇది పాత బండి."

కాసేపు ఆలోచించి అడిగింది. "అయితే ఆ బండిలో ఇప్పుడెవరూ ఎక్కరా?"

"ఎక్కరు. చూడ్డానికి ఉంచాం."

"సరే," అని పలక అందుకుని, రెండు చక్రాలూ జాగ్రత్తగా గీసింది.