అడంగల్‌లో లేని రైతు: పంట లెక్కలు, కరువు జీవోలు, పరిహారం జాబితాలు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి కృష్ణా డెల్టాలో సార్వా వరి కొన్ని చేలల్లో కోతకొచ్చి నిలబడి ఉంది, కొన్ని చేలల్లో కోసి పనల మీద ఉంది, ఇంకొన్ని చోట్ల నూర్చి కళ్లాల్లో రాసులు పోసి ఉంది. వాన మూడింటినీ ఒకేలా తడిపింది. ప్రభుత్వ నిబంధనలు మాత్రం అలా చూడవు. నిలబడిన పైరు పోతే అది పంట నష్టం, దానికి పెట్టుబడి రాయితీ. కళ్లంలో ధాన్యం తడిస్తే అది కొనుగోలు సమస్య; తేమ శాతంలోనో, రంగు మారిన గింజ శాతంలోనో సడలింపు ఇస్తారు. ఒకే ఊళ్లో ఇద్దరు రైతుల గతి వేరు కావడానికి, ఒకరు ఒక వారం ముందు కోత కోయడం చాలు.

విపత్తు సాయం గురించిన చర్చ ఎప్పుడూ రూపాయల చుట్టూ తిరుగుతుంది. ఎకరాకు ఎంత ఇచ్చారు, ఎంత ఇవ్వాలి అనేదే పత్రికల్లో శీర్షిక. నిజానికి ఎవరికి ఎంత అనేది వాన కురవకముందే, రాష్ట్ర ప్రభుత్వం ఏటా తయారుచేసే మామూలు కాగితాల్లో చాలావరకు తేలిపోతుంది. ఏ చేలో ఏ పంటో, సాగు ఎవరిదో ఊరి వారీగా రాసే అడంగల్, సీజన్ అండ్ క్రాప్ రిపోర్టు, కరువు మండలాల జీవో, చివరికి పరిహారం జాబితా: ఒకదాని లెక్క ఇంకొకదానిలోకి వెళ్తుంది, మొదటిదానిలో లేని మనిషి చివరిదానిలో కనిపించడు. ఈ వ్యాసం వాదన ఇదే. ఆ కనిపించని మనిషి ఎక్కువసార్లు కౌలు రైతు.

ఈ వరస ఇప్పటిది కాదు. 1876–78 నాటి ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేశాక 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది; ఆ తర్వాత 1883లో కరువు నియమావళి వచ్చింది. కరువు పనులు, కూలి రేట్లు, ఉచిత భోజనం అన్నీ అందులో ఉన్నాయి. రైతుకు దక్కిన ఊరట మాత్రం ప్రధానంగా శిస్తు తగ్గింపు. శిస్తు కట్టేది పట్టాదారు గనుక తగ్గింపు కూడా పట్టాదారుకే. భూమి శిస్తుకు ఖజానాలో పెద్ద విలువ లేకుండా పోయి దశాబ్దాలు దాటినా ఆ దారి చెరిగిపోలేదు. జూలై 1న మొదలై జూన్ 30న ముగిసే ఫసలీ సంవత్సరం, ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీ, అడంగల్ అన్నీ వసూలు కోసం పుట్టినవే. వసూలుకు వేసిన బాటలోనే సాయం నడుస్తోంది.

లెక్కలో లేనివాళ్లు చావులోనూ లెక్కలోకి రారని 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన చూపింది. అధికారికంగా చనిపోయినవారు సుమారు 10,000. అసలు సంఖ్య అంతకు మించిందన్న వాదన అప్పటినుంచీ ఉంది. అది కోతల కాలం. వేరే ఊళ్ల నుంచి కూలికి వచ్చినవాళ్ల పేర్లు దివిసీమ గ్రామాల ఏ జాబితాలో ఉంటాయి?

కరువు సంగతి మరీ చిక్కు. తుపాను కంటికి కనిపిస్తుంది, కరువును ప్రకటించాలి. 2016లో సవరించిన జాతీయ కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం ముందు వర్షపాతం లోటు, వాన లేని వారాలు చూడాలి. తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేలలో తేమ, జలాశయాల మట్టం చూడాలి. చివరికి మండలం ‘తీవ్రం’ అనో ‘మధ్యస్థం’ అనో తేలుతుంది. కేంద్ర విపత్తు నిధి తలుపు తెరుచుకునేది తీవ్రానికే. 2023 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన 103 కరువు మండలాల్లో 80 తీవ్రం, 23 మధ్యస్థం. అనంతపురం వైపు వేరుశనగ రైతుకు ఈ పట్టికలు అంతగా రుచించవు. అక్కడ వాన మొత్తం ఎంతన్నది కాదు, ఊడలు దిగే వేళ పడిందా లేదా అన్నదే పంటను తేలుస్తుంది. సీజన్ చివర్లో ఒక్క పెద్ద వాన పడితే సగటు సర్దుకుంటుంది గాని, బెట్టకు ఎండిన చెట్టు లేచి నిలబడదు.

యూనిట్ల తేడా ఇంకొకటి. కరువుకు లెక్క మండలం. వరి బీమాకు సాధారణంగా గ్రామం; అక్కడ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిలో పంట కోత ప్రయోగం చేసి సగటు దిగుబడి తేలుస్తారు. తుపాను నష్టానికి ఒక్కొక్కరి చేను. ఈ మూడు లెక్కలు ఒకదానికొకటి సరిపోతే అదే వింత.

ఇక డబ్బు. 2015 వరకు సగం పంట పోతేనే సాయం. ఆ ఏడాది కేంద్రం దాన్ని 33 శాతానికి తగ్గించింది. 2022–26 కాలానికి నిర్ణయించిన రేట్లలో హెక్టారుకు వర్షాధార పంటకు రూ. 8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ. 17,000, బహువార్షిక తోటలకు రూ. 22,500. పరిమితి రెండు హెక్టార్లు. అంటే మాగాణి ఎకరాకు ఏడు వేలకు కాస్త తక్కువ. రాష్ట్రాలు తమ వంతుగా కలుపుతుంటాయి: 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ వరికి ఎకరాకు రూ. 10,000 ప్రకటించింది.

ఈ సొమ్ము ఎవరి ఖాతాకు? జాతీయ నమూనా సర్వే 2019లో చేసిన లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సాగు కమతాల్లో 42.4 శాతం కౌలు కలిసినవే. దేశం సగటు 17.3. గోదావరి డెల్టాలో ఈ ఒప్పందాల్లో అత్యధికం నోటిమాట. జయతీ ఘోష్ అధ్యక్షతన 2004లో నియమించిన రైతు సంక్షేమ కమిషన్ కౌలుదారులను నమోదు చేయాలని గట్టిగా చెప్పింది. 2011లో భూమి లైసెన్సు సాగుదారుల చట్టం వచ్చింది, ఏడాది చెల్లే రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది: పదకొండు నెలల పత్రం, యజమాని సంతకం తప్పనిసరి. యజమాని భయపడేది 1956 కౌలు చట్టం చూసి. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న అనుమానం చట్టంలో ఎన్ని హామీలు రాసినా పోలేదు. పాత కార్డులో లేని అడ్డంకిని కొత్త చట్టం తెచ్చిపెట్టిందన్నది కాదనలేని విమర్శ.

తెలంగాణ ఇంకో దారి పట్టింది. 2018లో మొదలైన రైతు బంధు ఎకరాకు సీజనుకు రూ. 4,000, తర్వాత రూ. 5,000 పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగా ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన రైతు బీమాకూ అదే పుస్తకం ఆధారం. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చేసరికి పహాణీలో (అక్కడి అడంగల్) ఉండే అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. ఇక కౌలు రైతు ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి మిగిలే దారి ఆత్మహత్యల పరిహారం జీవో: 2004 నాటి జీవో 421 రూ. 1.5 లక్షలు ఇస్తే, 2015లో తెలంగాణ జీవో 194 దాన్ని రూ. 6 లక్షలు చేసింది. అది రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కూర్చునే కమిటీ ఒప్పుకోవాలి. బతికున్నప్పుడు నోటిమాట మీద నడిచిన కౌలుకు, అప్పుకు ఆ కమిటీ కాగితం అడుగుతుంది.

జాబితాలను బయట పెట్టడం తెలుగు ప్రభుత్వాలకు కొత్త కాదు. ఉపాధి హామీలో కూలీల హాజరు రాసే మస్టరు రోళ్లను ఊరి సభలో పైకి చదివే సామాజిక తనిఖీ దేశంలో పెద్ద ఎత్తున మొదలైంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. 2009లో దానికో ప్రత్యేక సంస్థ కూడా పెట్టారు. పంట నష్టం జాబితాలను ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి రైతు భరోసా కేంద్రాల గోడలకు అంటించడం దాని తర్వాతి మెట్టు. అయితే మస్టరులో దొంగ పేరుంటే ఊళ్లోవాళ్లు పట్టుకుంటారు. పరిహారం జాబితాలో ఉన్నది పట్టాదారు అసలు పేరే, హైదరాబాదులో ఉంటున్నాయనదే అయినా. గోడ ముందు నిలబడి అభ్యంతరం చెప్పాల్సింది ఆయన దగ్గరే వచ్చే ఏడాదికి కౌలు అడగాల్సిన మనిషి.

ఆ మనిషిని లెక్కలోకి తేవడానికి కొత్త చట్టమే రానక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ డిజిటల్ పంట నమోదు ఈ-క్రాప్‌లో సాగు చేసేవారి పేరు నమోదు చేసే వీలుంది. సీజన్ అండ్ క్రాప్ రిపోర్టులో పంటల విస్తీర్ణం, నీటి వనరు పక్కన మండలాల వారీ కౌలు విస్తీర్ణాన్ని కూడా అచ్చువేస్తే చాలు. కౌలు సాగు నూటికి నలభై దాటిన మండలంలో కౌలుదారులకు అందిన పరిహారం నూటికి రెండో మూడో అయితే, ఆ తేడాకు జవాబు అడగడానికి శాసనసభలో ఒక అంకె చేతిలో ఉంటుంది.