తెల్లవారుజాము పాటలు

న్యూయార్క్‌లో సెకండ్ అవెన్యూ దాటి ఈస్ట్ సిక్స్‌త్ స్ట్రీట్‌లోకి తిరిగితే ఒకప్పుడు వరసగా ఇండియన్ రెస్టరెంట్లు ఉండేవి. కూరలూ నాన్‌ల కోసం అటు వెళ్ళిన మనవాళ్ళు బోలెడుమంది ఉండే ఉంటారు. ఆ మలుపు దగ్గరే, అవెన్యూకి పడమటి పక్క, 105 నంబరు భవనం. 1920లలో యిడ్డిష్ నాటకాల కోసం కట్టారు. తర్వాత సినిమా హాలయింది. 1968 నుంచి 71 దాకా ఫిల్‌మోర్ ఈస్ట్ పేరుతో రాక్ సంగీతానికి పెద్ద దిక్కయింది. రాక్ చరిత్రలన్నీ ఆ మూడేళ్ళ గురించి పేజీలకి పేజీలు రాస్తాయి. అదే గోడల మధ్య 1980 నుంచి 88 దాకా ఏం జరిగిందో మాత్రం, ఉంటే ఒక వాక్యం. ఇది ఆ ఎనిమిదేళ్ళ గురించీ, వాటి వెనకాలే వచ్చిన ‘సర్క్యూట్’ గురించీ.

1980 సెప్టెంబర్‌లో బ్రూస్ మెయిల్‌మన్ అనే వ్యాపారి ఆ హాల్లో ‘ది సెయింట్’ అని గే మగవాళ్ళ కోసం ఒక డాన్స్ క్లబ్బు తెరిచాడు. సభ్యత్వం ఉండాలి, లేదా సభ్యుడితో రావాలి. గే బార్ల మీద పోలీసు దాడులు మామూలే అయిన ఊళ్ళో, స్టోన్‌వాల్ బార్ దగ్గర జనం తిరగబడి అప్పటికి పదకొండేళ్ళు. ఈలోగా డేవిడ్ మన్‌కూసో తన ఇంట్లోనే ‘లాఫ్ట్’ పార్టీలు నడిపాడు. ఫ్లమింగో, 12 వెస్ట్ లాంటి క్లబ్బులు వచ్చాయి. సెయింట్ వాటన్నిటినీ చిన్నబుచ్చింది.

నాలోని ఇంజనీరుకి ఆసక్తి పుట్టించింది దాని కప్పు. నాటకశాల లోపల, బోర్లించిన గిన్నెలాగా, 76 అడుగుల వ్యాసంతో చిల్లుల అల్యూమినియం గోపురం. దాని కింద గుండ్రటి డాన్స్ ఫ్లోరు. మధ్యలో నక్షత్రశాలల్లో వాడే స్పిట్జ్ ప్రొజెక్టరు. లైట్లు ఆర్పి దాన్ని వెలిగిస్తే గోపురమంతా నక్షత్రాలు. కింద చొక్కాలు విప్పి నడుముకి చుట్టుకున్న వందలమంది మగవాళ్ళు. పగలు ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేని సంగతి, శనివారం రాత్రి ఆ చుక్కల కింద చెప్పాల్సిన అవసరమే లేనిదయ్యేది. గోపురం బయట, పాత బాల్కనీ చీకట్లో, సెక్సూ జరిగేది. దాన్ని దాచి చరిత్ర రాయడం అనవసరం.

ఆ రాత్రుల రికార్డింగులు కొన్ని ఇప్పుడు నెట్లో దొరుకుతాయి. రాత్రిపూట కోడ్ రాసుకుంటూ విన్నాను. ఒక్కో డీజే పది, పన్నెండు గంటలు ఏకబిగిన నడిపేవాడు. ముందు నెమ్మదిగా ఎత్తుకుని, నడిరాత్రి దాటాక పరుగు, ఆ తర్వాత తెల్లవారుజామున వేగం తగ్గి, పాటల్లో కాస్త దిగులు. ఈ చివరి భాగానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘స్లీజ్’. పేరు మోటుగా ఉంది కానీ పాటలు మెత్తన. ఆదివారం పొద్దెక్కేదాకా అది సాగేది. ఇన్నాళ్ళూ డిస్కో అంటే ఒకటే దరువనుకునే వాళ్ళకి ఈ తెల్లవారుజాము భాగం వినిపించాలి.

క్లబ్బు తెరిచిన తొమ్మిది నెలలకి, 1981 జూన్ 5న, లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకి వచ్చిన వింత న్యుమోనియా గురించి ప్రభుత్వ వైద్య బులెటిన్‌లో చిన్న నివేదిక వచ్చింది. తర్వాత ఎయిడ్స్ అని పేరు పెట్టిన జబ్బు అదే. సెయింట్ సభ్యుల్లో ఎంతమందికి సోకిందంటే, కొందరు దాన్ని సెయింట్ జబ్బనే పిలిచేవారు.

నాట్యం ఆగిందా? లేదు. ఇక్కడే చాలామంది పెదవి విరుస్తారు. జనం చచ్చిపోతుంటే చిందులేమిటని. కానీ ఆ డబ్బు ఎటు పోయిందో చూడాలి కదా. గే మెన్స్ హెల్త్ క్రైసిస్ అనే సంస్థ 1982 జనవరిలో పుట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో దాని మొదటి పెద్ద విరాళాల సభ ఒక డాన్స్ పార్టీయే. 50 వేల డాలర్ల పైన వచ్చింది. జరిగింది సెయింట్‌లో కాదు, పారడైజ్ గరాజ్‌లో. సెయింట్ ఎక్కువగా తెల్లవాళ్ళది, డబ్బున్నవాళ్ళది. గరాజ్ ప్రధానంగా నల్లజాతి, లాటినో యువకులది. మే నెలలో సంస్థ హాట్‌లైన్ మొదలుపెట్టింది. హాట్‌లైన్ అంటే ఒక వాలంటీరు ఇంట్లో ఆన్సరింగ్ మెషీన్, అంతే. మొదటి రాత్రే వందకి పైగా ఫోన్లు వచ్చాయి. దేశాధ్యక్షుడు రేగన్ ఈ జబ్బు మీద తన మొదటి ముఖ్యమైన ప్రసంగం చేసేసరికి 1987 మే అయింది. మధ్యలో ఉన్న అయిదేళ్ళలో వంట చేసిపెట్టడం, ఆస్పత్రికి తోడు వెళ్ళడం, ఇవన్నీ నడిచినవి చందాల మీద. ఆ చందాల్లో పార్టీ టికెట్ల వాటా చిన్నది కాదు.

సెయింట్ నిలవలేదు. సభ్యులు పోతున్నారు, పాత బాల్కనీకి భయం పట్టుకుంది. మెయిల్‌మన్‌దే అయిన మరో వ్యాపారం, సెయింట్ మార్క్స్ స్నానశాలని, నగరపాలన 1985 డిసెంబర్లో మూసేసింది. క్లబ్బు చివరి పార్టీ 1988 ఏప్రిల్ 30న మొదలై మే 2 దాకా సాగింది. మెయిల్‌మన్ కూడా 1994లో ఎయిడ్స్‌తోనే పోయాడు. హాలుని కూల్చేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. ముఖద్వారంలో బ్యాంకు వచ్చింది.

ఒక ఊళ్ళో ఒక చోట కుదరంది ఊరూరా కుదిరింది. మయామీలో వైట్ పార్టీ 1985లో, విస్కాయా భవనంలో, రోగుల సహాయనిధి కోసం మొదలైంది. మాంట్రియల్‌లో బ్లాక్ అండ్ బ్లూ 1991లో. ఏడాది పొడుగునా ఊరు మారుతుంది, జనం చాలావరకు వాళ్ళే. అందుకే సర్క్యూట్ అన్న పేరు. 1996 నాటికి కొత్త మందులు రావడంతో, చావుకి సిద్ధపడ్డవాళ్ళు కొందరు లేచి జిమ్ముకి వెళ్ళారు. పార్టీలు పెద్దవయ్యాయి, ఎక్స్‌టసీ, జిహెచ్‌బి లాంటి మాదకద్రవ్యాలూ పెరిగాయి. మికలాంజెలో సిన్యొరీలె 1997లో ‘లైఫ్ అవుట్‌సైడ్’ అని ఒక పుస్తకమే రాసి ఈ సంస్కృతిని దుయ్యబట్టాడు. కండలు లేనివాడికి అక్కడ చోటు లేదన్నది అతని ఫిర్యాదుల్లో ఒకటి. అది నిజమే. ఒకరి వెలివేతలోంచి పుట్టిన చోటు ఇంకొకరిని వెలివేయడం చూస్తే బాధేస్తుంది.

ఇంతకన్నా గట్టి చిక్కు మరొకటి ఉంది. ఫైర్ ఐలండ్ పైన్స్ బీచ్‌లో ఏటా ఆగస్టులో జరిగే ‘మార్నింగ్ పార్టీ’, పైన చెప్పిన హెల్త్ క్రైసిస్ సంస్థకి డబ్బు తెచ్చేది. ఆరోగ్యం కాపాడాల్సిన సంస్థే, మత్తులో జాగ్రత్త మరిచిపోయే చోటుకి టికెట్లు అమ్ముతోందని విమర్శకులన్నారు. మేం లేకపోయినా పార్టీ జరుగుతుంది, ఉంటే కనీసం కండోములూ సలహాలూ అందుతాయన్న వాదన ఇటు. నాకు రెండోదే సబబనిపిస్తుంది, కానీ సగమే. డబ్బు తీసుకునేవాడు ఆ డబ్బిచ్చే చోటుని గట్టిగా మందలించలేడు. 1998లో ఆ పార్టీ వారాంతంలో ఒక మనిషి జిహెచ్‌బి ఎక్కువై చనిపోయాడు. ఆ తర్వాత సంస్థ తప్పుకుంది.

1999 వేసవిలో అదే బీచ్‌లో ‘పైన్స్ పార్టీ’ పేరుతో మళ్ళీ జనం చేరారు. అదీ విరాళాల కోసమే.