గుడూచి: లక్షణమే నామము

మేడ్చల్, శామీర్‌పేట పరిసరములలో కంచెలను, వేపచెట్లను అల్లుకొను తిప్పతీగయే ఆయుర్వేదమున గుడూచి. రావణవధానంతరము నిహతులైన వానరులపై ఇంద్రుడు అమృతమును వర్షింపగా, నేలబడిన బిందువులనుండి ఇది జనించెనని 16వ శతాబ్దపు ‘భావప్రకాశము’ వచించును. పూర్వులు స్తుతితో ఆగక గుర్తులనే నామములుగా నిలిపిరి: అడ్డుగా కోసిన కాండమున చక్రము కానవచ్చును గనుక చక్రలక్షణిక, ఖండించినను మొలకెత్తును గనుక ఛిన్నరుహ. ఆకు హృదయాకారము. అయితే, కాండముపై బుడిపెలు గల సోదరజాతి ఒకటి దీనినే పోలియుండును. ఆ రెండింటినీ ఒకటిగా పొరబడవలదని 2022లో ఆయుష్ మంత్రిత్వశాఖ హెచ్చరించినది. కావున ముదురు కాండమును వైద్యునికి చూపి, ఆయన చెప్పిన మాత్రలోనే కషాయము సేవించవలెను. వేరు పెరుకరాదు, ఛిన్నరుహ మరల చిగిర్చి, రాబోవువారికిని దక్కును.